పున్నమి రాత్రి ఒరాకిల్ కార్డులు: పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా డాబా మీద పున్నమికి నలుగురైదుగురు ఆడవాళ్ళం కూర్చుంటాం. మధ్యలో ఒక దీపం, ఒక ఒరాకిల్ కార్డుల కట్ట, ఎవరి నోటుబుక్కు వాళ్ళది. కార్డు తీసి, దాని మీది బొమ్మ చూసి మనసులో మాట రాసుకుంటాం. ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. బరంపురం, గుణుపురం, రాయగడ నుంచి, మహేంద్రతనయ అవతల పాతపట్నం నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. అడిగేవి చాలావరకు ఒకే ప్రశ్నలు కాబట్టి, ఫోనులో చెప్పే జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

అక్కా, ఒరాకిల్ కార్డులంటే టారో కార్డులేనా?

చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లెక్క వేరు. టారో కట్టలో 78 కార్డులుంటాయి. వాటిలో 22 పెద్దవి, 56 చిన్నవి అంటారు, సైజు మాత్రం ఒకటే. చిన్నవాటిలో మన పేకలో ఉన్నట్టే నాలుగు రంగులు. 15వ శతాబ్దంలో ఇటలీలో అది ఆట కోసం పుట్టింది. జోస్యానికి వాడడం 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఊపందుకుంది. ఎవరు అచ్చువేసినా ఆ 78 లెక్క మారదు. ఒరాకిల్ కట్టకి అలాంటి కట్టుబాటు లేదు. గీసినవాళ్ళ ఇష్టాన్ని బట్టి 36 ఉండొచ్చు, 44 ఉండొచ్చు, 60 ఉండొచ్చు. కార్డు మీద ఒక బొమ్మ, ఒక మాట లేదా చిన్న వాక్యం, వెంట ఒక గైడ్‌బుక్ ఉంటాయి. టారోకి ముందు కొంత చదువుకోవాలి, దీనికి బొమ్మ చూడడం వస్తే చాలు.

మనవాళ్ళకి ఇది మరీ కొత్తేం కాదు. చిన్నప్పుడు సంతలో చిలక జోస్యం చూశాం కదా. చిలక బోనులోంచి వచ్చి ముక్కుతో ఒక కార్డు లాగేది, అందులో ఉన్న దేవుడి బొమ్మని బట్టి జోస్యుడు చెప్పేవాడు. ఇక్కడ లాగేది మీరే, బొమ్మ చూసి చెప్పుకోవాల్సిందీ మీరే.

జరగబోయేది తెలుస్తుందా?

తెలీదు. తెలుస్తుందని చెప్పి ఎవరికీ ఆశ పెట్టను. కార్డు చేసేది ఏమిటంటే, మనసులో నలుగుతున్నదాన్ని మాటల్లోకి తెస్తుంది. ఒకసారి ఒక పడవ బొమ్మ వచ్చింది. బరంపురం నుంచి వచ్చిన ఒకావిడకి అది చూడగానే కార్తీక పున్నమి తెల్లవారుజామున చెరువులో అరటిదొప్ప పడవలు వదిలే బొయిత బందాణ గుర్తొచ్చింది. పక్కనున్నావిడ సూరత్ మిల్లుకి వెళ్ళిన కొడుకు గురించి మొదలుపెట్టి గంటసేపు ఆగలేదు. కొడుకు వెళ్ళి రెండేళ్ళయింది, అప్పటిదాకా ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదట.

మీకు ఇది ఎలా అలవాటైంది?

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. గజపతి జిల్లాలో ఉన్నవాళ్ళకి ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు. రెండు వారాలకి, 24వ తేదీన, ఒడియావాళ్ళ కుమార పున్నమి, అంటే మన ఆశ్వయుజ పున్నమి. మా వీధికి ఇంకా కరెంటు రాలేదు. డాబా ఎక్కితే ఊరంతా చీకటి, పైన మాత్రం అంత పెద్ద చంద్రుడు. పక్కింటి ఒడియా ఆడపిల్లలు అంత కష్టంలోనూ పేలాలు, అరటిపండు, కొబ్బరి, బెల్లం కలిపి చందా చకటా చేసి చంద్రుడికి పెట్టారు, పాటలు పాడారు. మా మేనకోడలు వేసవిలో వచ్చినప్పుడు మరిచిపోయి వెళ్ళిన కార్డుల కట్ట ఒకటి ఇంట్లో ఉంటే, ఏమీ తోచక తెచ్చి ఒకటి తీశాను. బొమ్మలో వేళ్ళతో సహా పెకలిపోయిన చెట్టు. మా పెరట్లో పనస చెట్టు అప్పటికింకా అలాగే పడి ఉంది. మా మామగారు నాటిన చెట్టు అది. తుఫాను వచ్చిన దగ్గర్నుంచి బియ్యం, టార్పాలిన్, మంచినీళ్ళు అని తిరగడమే గానీ ఏడవడానికి తీరిక లేదు. ఆ రాత్రి ఏడ్చాను. అప్పటి నుంచి ఒక్క పున్నమి కూడా వదల్లేదు.

మొదటిసారి కొంటున్నాను. ఏ కట్ట తీసుకోవాలి?

పేరు చూసి కాదు, బొమ్మలు చూసి కొనండి. చంద్రుడి మీద వచ్చే కట్టలు చాలావరకు విదేశాల్లో గీసినవి. మంచు, తోడేళ్ళు, దేవదారు చెట్లు ఎక్కువ. అవి మీతో మాట్లాడితే సరే. నాకైతే నీళ్ళు, ఇల్లు, దీపం, పక్షి, దారి లాంటి బొమ్మలున్న కట్ట దగ్గరగా అనిపిస్తుంది. కొనేముందు కనీసం పది కార్డుల ఫోటోలు చూడండి. గైడ్‌బుక్ తెరవకుండా ప్రతి బొమ్మకీ మీకు ఒక జ్ఞాపకమో, ఒక మనిషో గుర్తొస్తున్నారా లేదా గమనించండి. పదిలో ఆరింటికి వస్తే ఆ కట్ట మీకు పనికొస్తుంది.

రెండో సంగతి. కొన్ని కట్టల్లో చంద్రకళలు మాత్రమే ఉంటాయి, కొన్నింటిలో 'మేషంలో పున్నమి', 'కర్కాటకంలో అమావాస్య' అని రాశులు కూడా ఉంటాయి. ఆ రాశులు పాశ్చాత్య సాయన లెక్కవి. మన పంచాంగం నిరయన లెక్క. రెండింటికీ దాదాపు 24 డిగ్రీల తేడా ఉంది. రాశి అంటే 30 డిగ్రీలు కాబట్టి, చాలాసార్లు వాళ్ళు చెప్పిన రాశికి మన పంచాంగంలో ముందటి రాశి ఉంటుంది. తెలియక కొన్నవాళ్ళు 'ఏది తప్పు?' అని టెన్షన్ పడుతుంటారు. ఏదీ తప్పు కాదు, కొలత మొదలుపెట్టిన చోటు వేరు. కొత్తవాళ్ళు ఈ గొడవ లేకుండా కళలు మాత్రమే ఉన్న కట్ట తీసుకోండి.

మూడోది చేతి కొలత. ఒరాకిల్ కార్డులు పేకముక్కల కన్నా పెద్దవి. చిన్న చేతులవాళ్ళకి కలపడం కష్టం. అలాంటప్పుడు చాప మీద బోర్లా పరిచి చేత్తో కలియబెట్టండి, అదీ పద్ధతే.

నకిలీల గురించి జాగ్రత్త. అసలు కట్టలు చాలా వరకు వెయ్యి నుంచి రెండు వేల మధ్య ఉంటాయి. అదే బొమ్మ నాలుగు వందలకి కనిపిస్తే అనుమానించాలి. నేను ఒకసారి అలా ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మోసపోయాను. పెట్టెలో పుస్తకం లేదు, స్కాన్ చేసుకోమని ఒక కోడ్ ఉంది. అంచులు సమంగా తెగలేదు, రంగు మసకగా ఉంది. డబ్బు పోయిన బాధ ఒకటైతే, నెలల తరబడి కూర్చుని ఆ బొమ్మలు గీసిన మనిషికి పైసా అందలేదన్న బాధ ఇంకొకటి.

మా తాతగారి గంజపా కార్డులు పెట్టెలో ఉన్నాయి. వాటితో చేయొచ్చా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు చాలా సంతోషం. మన గంజాం, గజపతి జిల్లాల్లో ఇంకా కొన్ని ఇళ్ళల్లో అవి ఉన్నాయన్నమాట. గుండ్రటి కార్డులు. గుడ్డ పొరలకి చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, ఆరబెట్టి, గుండ్రంగా కోసి, చిత్రకారులు చేత్తో బొమ్మలు వేస్తారు. దశావతార కట్టలో పది రంగులు, రంగుకి 12 చొప్పున 120 కార్డులు. ప్రతి అవతారానికీ ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుంచి పది వరకు లెక్క కార్డులు. ఎనిమిది రంగుల కట్టలో అయితే 96.

అవి ఆట కార్డులు, జోస్యానికి చేసినవి కావు. కానీ టారో కూడా అలా ఆటగానే మొదలైంది కదా. పైగా దశావతార గంజపా ఆటలో పగలైతే రాముడి రంగు, రాత్రయితే కృష్ణుడి రంగు ముందు దిగే సంప్రదాయం ఉంది. పొద్దునీ రాత్రినీ పట్టించుకునే కార్డులు కాబట్టి పున్నమి రాత్రికి అవి పరాయివని నేను అనుకోను. కూర్మం వస్తే ఓర్చుకోవడం, వామనుడు వస్తే చిన్నగా అడిగి పెద్దది పొందడం, ఇలా కథలన్నీ మనకి అమ్మమ్మ చెప్పినవే. ఏ గైడ్‌బుక్కూ అక్కర్లేదు.

తాతగారి కట్టని మాత్రం డాబా మీదికి తేకండి. మంచు తగిలితే జిగురు మెత్తబడుతుంది, రంగు లేస్తుంది. వాటిని ఇంట్లోనే తీసి చూసుకుని, మళ్ళీ పొడి గుడ్డలో చుట్టి పెట్టండి. వాడుకోవాలనుంటే పూరీ దగ్గర రఘురాజపురంలో చిత్రకారుల దగ్గర కొత్తవి దొరుకుతాయి.

కార్డుల మీద అంతా ఇంగ్లీషే. మా అమ్మకి రాదు. ఏం చేయాలి?

తెల్ల కాగితం ముక్క మీద తెలుగు మాట రాసి కార్డు మీది ఇంగ్లీషు మాట పైన అంటించండి, లేదా నోటుబుక్కులో వరుసగా రాసుకోండి. నిఘంటువు చూసి రాయొద్దు. 'సరెండర్' అన్న కార్డుకి మాలో ఒకమ్మాయి 'లొంగిపోవడం' అని రాసుకుంది. అది వచ్చిన నెలంతా దిగులుగా ఉంది. తర్వాత వాళ్ళమ్మ ఆ బొమ్మ చూసి 'ఇందులో లొంగడమేముందే, తల మీది బరువు దింపుకుంటోంది' అంది. ఇప్పుడు ఆ కార్డు పేరు 'బరువు దింపుకోవడం'. గిడుగు రామమూర్తి పంతులు గారు పిల్లలకి పాఠాలు చెప్పి, జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోరాడిన ఊరు మాది. ఆ ఊళ్ళో కూర్చుని మన కార్డులకి మన ఇంటి మాటలు పెట్టుకోకపోతే ఎలా? ఇంట్లో ఒడియా, సవర మాటలు కలిసి వచ్చేవాళ్ళు అవే రాసుకోండి.

పున్నమి ఏ రోజో దేన్ని చూసి నమ్మాలి? మా ఇంట్లో తెలుగు పంచాంగం, పక్కింట్లో ఒడియా పంజి, ఫోనులో ఇంకో తేదీ.

సరిహద్దులో ఉండేవాళ్ళకి ఇది రోజూ ఉండే తికమకే. కాస్త ఓపిగ్గా చదవండి.

తెలుగువాళ్ళ నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియావాళ్ళ చాంద్రమాన నెల పున్నమితో ముగుస్తుంది. పున్నమి రాత్రికి ఇద్దరికీ పేరు ఒకటే, కార్తీక పున్నమి వాళ్ళకీ కార్తీక పున్నమే. కాకపోతే మనకది నెల నడుమ, వాళ్ళకి నెలాఖరు. బహుళ పక్షంలోనే మనకీ వాళ్ళకీ నెల పేరు వేరుగా ఉంటుంది. కుమార పున్నమి మర్నాటి నుంచి ఒడియా ఇళ్ళల్లో కార్తీక నియమాలు మొదలైపోతాయి. ఆ మూడో రోజు మన పిల్లలు అట్లతద్దికి చంద్రుడి కోసం ఎదురుచూస్తుంటే మనకది ఇంకా ఆశ్వయుజం. అలాగే మన పోలాల అమావాస్య శ్రావణంలో. అదే రోజు వాళ్ళకి భాద్రవంలో సప్తపురి అమావాస్య. కాబట్టి నోటుబుక్కులో నెల పేరుతోపాటు తిథి, ఇంగ్లీషు తేదీ కూడా రాయండి. లేకపోతే ఏడాది తర్వాత తిరగేసినప్పుడు ఏది ఎప్పటిదో తెలీదు.

ఫోనులో కనిపించే తేదీ తరచుగా అమెరికా గడియారానిది. 2026 జూన్ పున్నమినే చూడండి. నిండు ఘడియ అమెరికా తూర్పు తీరంలో 29 సాయంత్రం 7:57. అదే క్షణం మనకి 30 తెల్లవారుజామున 5:27. మనం కూర్చోవాల్సింది 29 రాత్రి. నేను పాటించేది ఇది: పొద్దు కుంకే వేళకి తూర్పున నిండుగా పైకొచ్చిన చంద్రుడు ఏ రోజు కనిపిస్తే ఆ రోజే. పున్నమి దాటాక చంద్రోదయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి కంటితోనే తెలిసిపోతుంది.

ఇంకో మాట. విదేశీ కట్టల్లో జూన్ పున్నమికి 'స్ట్రాబెర్రీ మూన్' అని ఉంటుంది. ఉత్తర అమెరికాలో ఆ పండు కోసే కాలం అది. మనకి జ్యేష్ఠ పున్నమి అంటే ఏరువాక పున్నమి, పొలం దున్నడం మొదలయ్యే రోజు. ఒడియావాళ్ళకి జగన్నాథుడి స్నాన పూర్ణిమ. నేనా కార్డు మీద పెన్సిల్‌తో 'ఏరువాక' అని రాసుకున్నాను. అది వస్తే ఈ నెల ఏం దున్నాలి, ఏం నాటాలి అని అడుగుతాను. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. కాబట్టి మే 31 పున్నమిని ఏరువాక అనుకోకండి, అసలు ఏరువాక జూన్ నెలాఖరుదే.

అమావాస్య నాడు కొత్త కోరిక రాసి కార్డు తీయాలంటారు. మా ఇంట్లో అమావాస్యకి ఏదీ మొదలుపెట్టరు.

పెట్టకండి. ఇంట్లోవాళ్ళ మనసు కష్టపెట్టి చేసే పని కాదిది. పాశ్చాత్యులు అమావాస్యని మొదలుగా తీసుకుంటారు, మనం శుక్ల పక్షాన్ని తీసుకుంటాం. రెండూ పెరిగే చంద్రుడి వైపే చూస్తున్నాయి. నెలపొడుపు నాటి సాయంత్రం చేయమని నా సలహా. విదియ నాడు పొద్దు గూకగానే పడమట సన్నటి గీతలా కనిపించి కాసేపట్లో దిగిపోతుంది. ఆ కాస్త సమయంలో ఒకే ఒక్క కార్డు తీసి, ఈ పక్షంలో చేయదలచుకున్న ఒక్క పని రాసుకోండి. అమావాస్యని పెద్దల్ని తలచుకోవడానికి, విశ్రాంతికి వదిలేయండి. వినాయక చవితి రాత్రి కూడా మేం డాబా ఎక్కం.

ఆ రాత్రి వరుసగా ఏం చేస్తారు?

ముందు స్నానం, తేలికపాటి భోజనం. చంద్రుడు ఇళ్ళ కప్పులు దాటి పైకి వచ్చాక చాప పరుస్తాం. ఫోన్లు కిందే వదిలేస్తాం. దీపం వెలిగించి కొంచెంసేపు ఎవరం మాట్లాడం. తర్వాత ఎవరి ప్రశ్న వాళ్ళు నోటుబుక్కులో రాసుకుంటారు. ప్రశ్న రాయకుండా కార్డు తీయనివ్వను, ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా ఉంటాను. ముందు కార్డు తీసి తర్వాత ప్రశ్న వెతికితే, నచ్చిన ప్రశ్నే దొరుకుతుంది.

ప్రశ్న ఎలా ఉండాలంటే, జవాబు మీ చేతిలో ఉండాలి. 'మా ఆయనకి బదిలీ అవుతుందా?' అని కాదు, 'బదిలీ అయితే నేను దేనికి భయపడుతున్నాను?' అని. 'తోడికోడలు ఎందుకలా చేస్తుంది?' అని కాదు, 'ఆవిడతో నేను చెప్పకుండా దాచుకున్న మాటేమిటి?' అని.

పున్నమికి మూడు కార్డులు తీస్తాం. మొదటిది ఈ నెలలో నిండినది. రెండోది బరువైనది. మూడోది ఎవరికో చెప్పాల్సింది. గైడ్‌బుక్ చూడకముందే బొమ్మలో మొదట కన్ను ఎక్కడ పడిందో రాయాలి. ఆ తర్వాత ఇష్టమైతే పైకి చదువుతారు, లేకపోతే లేదు. పక్కవాళ్ళ కార్డుకి మనం అర్థం చెప్పకూడదు, వాళ్ళు అడిగితే తప్ప. చివర్లో అందరం పాయసమో, అటుకులో తింటాం. తలకిందులుగా వచ్చిన కార్డుకి చెడు అర్థం తీయం, నిలువుగా తిప్పేస్తాం.

ప్రతి నెలా అదే కార్డు వస్తోంది. భయంగా ఉంది.

44 కార్డుల కట్టలో నెలకి మూడు తీస్తే, పోయిన నెల వచ్చినవాటిలో కనీసం ఒకటి మళ్ళీ రావడానికి దాదాపు అయిదింట ఒక వంతు అవకాశం ఉంది. అంటే ఏడాదిలో రెండు మూడుసార్లు జరగడం మామూలే. ఒకే కార్డు మూడు నెలలు వరుసగా వచ్చిందంటే ముందు కట్ట సరిగ్గా కలిపారో లేదో చూడండి. తేమకి రెండు కార్డులు అతుక్కుని ఉండొచ్చు. ఆ తర్వాత, మూడు నెలల్లో ఆ కార్డు కింద మీరేం రాసుకున్నారో చదవండి. రాసిన మాటలు కూడా మారకపోతే అక్కడ ఆగి ఆలోచించాల్సిన సంగతి ఉన్నట్టే.

నాకెవరో ఏదో చేశారని అనుమానం. ఆ చేసిందెవరో మీరు కార్డుల్లో చూసి చెప్పగలరా?

చెప్పను, చూడను. ఈ ప్రశ్నకి నా జవాబు ఎప్పటికీ ఇదే. చేతబడి, చిల్లంగి అనే మాట మన వైపు ఎంత దూరం వెళ్తుందో మీకు తెలుసు. ఒక పేరు నోట్లోంచి వస్తే చాలు, ఊరవతల ఒంటరిగా బతికే ముసలావిడ ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటివి ఆపడానికే ఒడిశాలో 2013లో మంత్రగత్తెల పేరుతో జరిగే వేధింపుల నిరోధక చట్టం తెచ్చారు. ఒకరిని అలా వేలెత్తి చూపడం నేరం. కార్డు బొమ్మ చూపించి 'ఎరుపు చీర ఆవిడ' అనో, 'పడమటి ఇల్లు' అనో ఎవరైనా చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మీ ఒంట్లో బాగోకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నిద్ర పట్టకపోయినా, ఆలోచనలు ఆగకపోయినా కూడా డాక్టరే. కావాలంటే తోడు నేను వస్తాను.

దోషం ఉంది, పరిహారానికి ఐదు వేలు పంపమన్నవాళ్ళ గురించీ ఇదే మాట. మాకు తెలిసిన ఒకామె ఫోనులో పరిచయమైన మనిషికి మూడుసార్లు పంపింది. ప్రతి పున్నమికీ కొత్త దోషం బయటపడింది. మా డాబా మీద ఎవరి దగ్గరా డబ్బు తీసుకోం.

కార్డులు పూజగదిలో పెట్టొచ్చా? అత్తగారు ఒప్పుకోవడం లేదు.

పూజగదిలో అక్కర్లేదు. పుస్తకాల అరలో పెట్టుకోండి. ఇవి దేవుడి పటాలు కావు. అత్తగారిని ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మలు చూపించండి. దాచిపెడితేనే అనుమానం పెరుగుతుంది. నెలసరి రోజుల్లో ముట్టుకోవచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. మా దగ్గర ఆ పట్టింపు లేదు. నిజానికి ఆ రోజుల్లోనే కాసేపు కూర్చోవడానికి కొందరికి తీరిక దొరుకుతుంది.

వెన్నెల్లో రాత్రంతా పెడితే కార్డులు శుద్ధి అవుతాయా?

తడుస్తాయి. కార్తీక మాసంలో మంచుకి నా మొదటి కట్ట ఉబ్బిపోయి పెట్టెలో పట్టలేదు. గోపాలపురం, ఛత్రపురం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళల్లో అయితే ఇంకా తొందరగా పాడవుతాయి. కిటికీ అద్దం వెనక వెన్నెల పడేచోట కాసేపు ఉంచండి, చాలు. గాలి చొరబడని డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి వేసి దాచండి.

వానాకాలంలో చంద్రుడే కనబడడు కదా? గ్రహణం వస్తే?

ఆషాఢం, శ్రావణం పున్నములు ఇక్కడ చాలావరకు మబ్బులోనే. వసారాలో కూర్చుంటాం. కప్పు మీద వాన చప్పుడు వింటూ తీసిన కార్డులే నాకు ఎక్కువ గుర్తున్నాయి. గ్రహణం రోజు మాత్రం కార్డులు తీయం. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టినప్పుడు మాలో సగంమందికి ఇంటి నియమాలున్నాయి. మిగిలినవాళ్ళం ఎర్రబడ్డ చంద్రుణ్ణి చూస్తూ ఊరికే కూర్చున్నాం.

వచ్చే పున్నమికి మేమూ రావచ్చా?

రండి. పొద్దుండగానే వచ్చేయండి, తర్వాత గుణుపురం వైపు బస్సులు తక్కువ. దూరం నుంచి వచ్చేవాళ్ళు రాత్రికి మా ఇంట్లోనే పడుకుని పొద్దున్నే వెళ్ళొచ్చు. ఒక నోటుబుక్కు, పెన్ను, చలికాలమైతే శాలువా తెచ్చుకోండి. కార్డులు లేకపోయినా ఫర్వాలేదు, మా కట్టలో తీసుకోవచ్చు.